మునగని ఊరు

"నాన్నా, నాకొక ఊరు కావాలి" అంది మా అమ్మాయి.

2025 ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున, దోసె తుంచుకుంటూ అన్న మాట ఇది. పిల్లలు ఫోను అడుగుతారు, కారు అడుగుతారు, కుక్కపిల్లని అడుగుతారు. వాటికి చెప్పవలసిన జవాబులు మనందరి దగ్గరా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. ఊరు కావాలంటే ఏం చెప్పాలో మాత్రం నాకు తోచలేదు.

సంగతేమిటంటే, పదకొండో క్లాసు చదువుతున్న మా అమ్మాయి పన్నెండు నిమిషాల చిన్న సినిమా ఒకటి తీయాలనుకుంది. కథ తనే రాసుకుంది. ఆనకట్ట కట్టడం వల్ల మునిగిపోయిన తన ఊరిని వెతుక్కుంటూ ఒక ముసలాయన వస్తాడు. ఇల్లిల్లూ తిరుగుతాడు. పిలుస్తాడు. ఎవరూ పలకరు. అంతే కథ.

ఆ కథ ఎక్కడిదో నాకు వెంటనే తెలిసిపోయింది. అది మా నాయన కథ.

మాది కృష్ణ ఒడ్డున, అప్పటి కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో ఒక చిన్న ఊరు. పేరు చెప్పినా మీకు పటంలో దొరకదు. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన వందకు పైగా ఊళ్ళలో అదొకటి. అప్పటికి నాకు ఏడేళ్ళు. గుర్తున్నది ఒకే ఒక్క దృశ్యం. మా ఇంటి తలుపులు, ద్వారబంధం, దూలాలు ఊడదీసి ఎద్దులబండి మీద పేర్చారు. తాళ్ళతో కట్టి, వాటి పైన నన్ను కూర్చోబెట్టారు. నాకు అదేదో తిరునాళ్ళకు పోతున్నట్టు సరదాగా ఉండింది. వెనక మా అమ్మ ఎందుకు ఏడుస్తోందో అర్థం కాలేదు.

నాయన ఆ సంగతులు మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. చదువు, ఉద్యోగం, వీసా, గ్రీన్‌కార్డు, ఈ పరుగులో నాకు అడగాలని తోచనైనా లేదు. అడిగింది మా అమ్మాయి. అంతకు ముందు ఏడాది కర్నూలు వెళ్ళినప్పుడు, "తాతా, మీ ఇల్లు కొత్తది కదా, వాకిలి ఒక్కటే ఇంత పాతదెందుకు?" అంది. దానికి జవాబు చెప్పడానికి నాయనకు ఒక రాత్రి పట్టింది. నేను పక్క గదిలో నిద్రపోతున్నాను.

ఇప్పుడు నాయనకు డెబ్భై తొమ్మిదేళ్ళు. విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చాడు. సెప్టెంబరులో తిరుగు ప్రయాణం. "ఇంగ మళ్ళీ ఇంత దూరం ఇమానంలో కూర్చోలేనురా అబ్బీ" అని దిగిన రోజే చెప్పేశాడు. అంటే సినిమా తీస్తే ఈ వేసవిలోనే తీయాలి. హీరో ఎదురుగా ఉన్నాడు. కావలసింది ఊరే.

ఆరు వందల డాలర్ల స్టూడియో

మా అమ్మాయి దగ్గరున్న పెట్టుబడి ఆరు వందల డాలర్లు. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించుకున్న డబ్బు. "మీ దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోను" అని ముందే షరతు పెట్టింది. పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా, ఉన్నదాంట్లోనే కానిద్దామని నేనూ ఊరుకున్నాను.

ధైర్యం చెబుదామని ఒకరోజు తనని వెస్ట్ ఆరెంజ్ తీసుకెళ్ళాను. మేముండే ఊరు ఎడిసన్. పూర్వం రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. ఇక్కడి మెన్లో పార్కులో థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఉండేది కనుక 1954లో ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయన తరువాతి ప్రయోగశాల మాకు అరగంట దూరంలో వెస్ట్ ఆరెంజ్‌లో ఉంది. ఇప్పుడది జాతీయ చారిత్రక పార్కు. ఓక్ ట్రీ రోడ్డుకు కూరగాయలకని, బంగారానికని వచ్చే మనవాళ్ళు చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. వెళ్ళండి, పిల్లలకు బాగా నచ్చుతుంది.

అక్కడ ఆవరణలో నల్లటి తారు కాగితం కప్పిన ఒక వింత కొట్టం కనబడుతుంది. దాని పేరు బ్లాక్ మరియా. కేవలం సినిమాలు తీయడానికే ప్రపంచంలో మొట్టమొదట కట్టిన స్టూడియో ఇదే అంటారు. 1893లో కట్టారు. అప్పట్లో సినిమాకు సరిపడే దీపాలు లేవు కనుక ఎండే దీపం. పైకప్పు పెట్టె మూతలా తెరుచుకుంటుంది. సూర్యుడు జరిగే కొద్దీ కొట్టం మొత్తాన్ని గుండ్రటి పట్టా మీద తిప్పేవారు! అసలు కట్టడాన్ని 1903లో తీసేశారు. ఇప్పుడున్నది 1954లో కట్టిన నమూనా.

పిల్లలూ, దానికైన ఖర్చెంతో తెలుసా? 637 డాలర్ల 67 సెంట్లు.

"నాకన్నా 37 డాలర్లే ఎక్కువ!" అంది మా అమ్మాయి. ఆ కాలపు డాలరు వేరు, ఈ కాలపు డాలరు వేరు అని నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. హాలీవుడ్ పుట్టకముందు అమెరికా సినిమా మా న్యూజెర్సీలోనే పెరిగింది. 1910 ప్రాంతాల్లో హడ్సన్ నది ఒడ్డున ఫోర్ట్ లీ ఊరినిండా స్టూడియోలే. అలాంటి రాష్ట్రంలో ఒక ఊరు దొరక్కపోతుందా అనుకున్నాం.

దొరకలేదు. వరసగా ఆరువారాలు దొరకలేదు.

ఊరి వేట

మొదటి సలహా మా మిత్రుడు ఇచ్చాడు. ఆయన దగ్గర మంచి కెమెరా ఉంది, ఉచితంగా తీసి పెడతానన్నాడు కాబట్టి సలహా వినక తప్పదు. బేస్‌మెంటులో ఆకుపచ్చ గుడ్డ కట్టి, ముందు నాయనని నిలబెట్టి, వెనక కంప్యూటర్లో ఊరు అతికిద్దామన్నాడు. చేసి చూశాం. మా ఆవిడ తెర వంక చూసి, "మామయ్యగారు టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళలా ఉన్నారు" అంది. నాయన కూడా నవ్వాడు. ఆ ఆలోచన అక్కడితో సరి.

రెండోది, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక పొలం. ఎర్రటి కొట్టాము, గడ్డిమోపులు, చెక్క కంచె, చూడడానికి ముచ్చటగా ఉంది. గంటకు 350 డాలర్లు, కనీసం నాలుగు గంటలు తీసుకోవాలి. మా అమ్మాయి పుస్తకంలో 1400 అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

మూడోది, పాత ఇళ్ళను కాపాడుతూ సందర్శకులకు చూపించే ఒక చారిత్రక గ్రామం. అద్దె 150 డాలర్లే అన్నారు. ఎగిరి గంతేశాం. తరువాత కాగితాలు పంపారు. పది లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ పత్రం తెమ్మన్నారు. ఆ పత్రం ఒక్క రోజుకు కొనాలన్నా మా మొత్తం పెట్టుబడి చాలదు. ఊరు అందింది కానీ, గడపలో కాగితం అడ్డం పడింది.

నాలుగోది, తెలిసినవాళ్ళ పెరళ్ళు. అందరూ మంచివాళ్ళే, రమ్మన్నారు, కాఫీలిచ్చారు. కానీ కెమెరా ఎటు తిప్పినా ఒక ట్రాంపొలీనో, ఈతకొలనో, బార్బెక్యూ పొయ్యో కనబడుతుంది.

ఈ తిరుగుళ్ళలో మేం నేర్చుకున్నది చెబుతాను, మీ పిల్లలకూ ఉపయోగపడవచ్చు. చిన్న సినిమాకి చోటు అద్దె ఒక్కటే ఖర్చు కాదు. ఇన్సూరెన్సు, పార్కింగు, కరెంటు, భోజనాలు, బాత్రూము, ఇవన్నీ చోటుతో పాటు వస్తాయి. అందుకని "అద్దెంత?" అని కాక "మొత్తం ఎంతవుతుంది?" అని అడగాలి. ఇంకొకటి. వెళ్ళిన చోట కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వినాలి. కంటికి నచ్చిన చోటు చెవికి నచ్చకపోవచ్చు. ఆ పెళ్ళిళ్ళ పొలం మీదుగా నిమిషానికొక విమానం పోతుంది. నివార్క్ విమానాశ్రయం చుట్టుపక్కల ఉండేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

జూన్ వచ్చేసింది. నాయన ఏమీ అనలేదు కానీ కాలెండరు వంక చూస్తున్నాడు. మా అమ్మాయి కూడా చూస్తోంది.

దారి చూపించింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. చేపలు పట్టడం ఆయనకు పిచ్చి. భోజనాల దగ్గర నా గోడు విని, "వాల్‌ప్యాక్ వెళ్ళు. ఊరుంది, మనుషుల్లేరు" అన్నాడు.

"ఎందుకు లేరు?"

"డ్యాం కడతామని ఖాళీ చేయించారు."

"డ్యాం ఎక్కడ?"

"కట్టలేదుగా" అని ఆయన సాండ్‌విచ్ తినడంలో పడ్డాడు.

కట్టని ఆనకట్ట

ఆ రాత్రి నేనూ మా అమ్మాయీ కూర్చుని చదివాం. 1955 ఆగస్టులో కానీ, డయాన్ అనే రెండు తుపానులు వారం తేడాలో వచ్చి డెలవేర్ నదిని ముంచెత్తాయి. సుమారు వందమంది చనిపోయారు. దాంతో నది మీద టాక్స్ ఐలండ్ అనే చోట పెద్ద ఆనకట్ట కట్టాలన్నారు. వరద ఆగుతుంది, నగరాలకు నీళ్ళొస్తాయి, కరెంటు వస్తుంది, జనం పడవల్లో విహరించవచ్చు. 1962లో కాంగ్రెస్ ఒప్పుకుంది. జలాశయం పొడవు 37 మైళ్ళు. దాని చుట్టూ పార్కు కోసం 1965లో ఇంకో చట్టం చేశారు. న్యూజెర్సీ వైపూ, పెన్సిల్వేనియా వైపూ లోయలో ఉన్న ఇళ్ళు, పొలాలు ప్రభుత్వం కొనడం మొదలుపెట్టింది. ఇష్టమున్నవాళ్ళూ అమ్మారు, లేనివాళ్ళ దగ్గరా తీసుకున్నారు. వేలమంది వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలో చాలావాటిని కూల్చేశారు.

ఆ తరువాత ఖర్చు పెరిగింది. నీళ్ళు నిలవుండి పాడవుతాయని శాస్త్రజ్ఞులన్నారు. లోయలోవాళ్ళూ, ప్రకృతి ప్రేమికులూ కలిసి ఏళ్ళ తరబడి పోరాడారు. 1975లో నాలుగు రాష్ట్రాల గవర్నర్లున్న నదీ సంఘంలో న్యూజెర్సీ, న్యూయార్క్, డెలవేర్ వద్దన్నాయి. పెన్సిల్వేనియా ఒక్కటే కావాలంది. పని ఆగిపోయింది. 1992లో ప్రాజెక్టును చట్టప్రకారం పూర్తిగా రద్దు చేశారు. తీసుకున్న భూమి అంతా ఇప్పుడు డెలవేర్ వాటర్ గ్యాప్ జాతీయ విహారక్షేత్రం. సుమారు 70 వేల ఎకరాలు. వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. 2020 జనాభా లెక్కల్లో వాల్‌ప్యాక్ టౌన్‌షిప్ మొత్తానికి ఏడుగురే ఉన్నారు.

"మరి మన ఊరి డ్యాం ఎందుకు ఆగలేదు?" అంది మా అమ్మాయి.

మన ఊరు అంది. తను పుట్టకముందే, తన తండ్రికి ఏడేళ్ళప్పుడే మునిగిపోయిన ఊరిని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "తాతనే అడుగు" అన్నాను.

మర్నాడు పార్కు ఆఫీసుకి ఫోన్ చేశాం. మళ్ళీ పది లక్షల పత్రం అడుగుతారేమోనని నా గుండె దడదడలాడుతోంది. ఫోనులో ఆవిడ ఓపిగ్గా అడిగింది. ఎంతమంది? ఐదుగురం. సామాను చేత్తో మోసేదేనా? అవును. దారి ఆపుతారా, వేరేవాళ్ళని రావద్దంటారా? లేదు. అయితే పర్మిట్ అక్కర్లేదంది! 2025 జనవరిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం జాతీయ పార్కుల్లో ఎనిమిది మందికి మించని బృందం, చేత్తో మోసే సామానుతో, అందరూ తిరిగే చోట, ఎవరికీ ఇబ్బంది లేకుండా చిత్రీకరించుకుంటే అనుమతీ రుసుమూ అక్కర్లేదు. రెండు హెచ్చరికలు మాత్రం చేసింది. ఇళ్ళలోకి వెళ్ళకూడదు, అవి శిథిలమై ఉన్నాయి. డ్రోను ఎగరేయకూడదు. రెండోది విని మా మిత్రుడి మొహం కాస్త చిన్నబోయింది.

వాల్‌ప్యాక్ సెంటర్

జూన్ చివర్లో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, నాయనకని వేరే జొన్నరొట్టెలు కట్టింది. 287 మీద ఉత్తరానికి పోయి, 80 మీద పడమటికి తిరిగి, 15, 206 రోడ్లు పట్టుకుని లేటన్ దాకా వెళ్ళాం. అక్కణ్ణుంచి 615 నంబరు కౌంటీ రోడ్డు. మా ఇంటి నుంచి రెండు గంటలలోపే. కానీ ఆఖరి అరగంటలో ఫోను సిగ్నల్ పోయింది, ఇళ్ళు పోయాయి, అటూ ఇటూ అడవి. మధ్యలో పీటర్స్ వ్యాలీ అని చేతిపనులు నేర్పే బడి ఒకటుంది. అది కూడా ఇలా ఖాళీ అయిన ఊళ్ళోనే వెలిసింది.

ఊరు ఉన్నట్టుండి వస్తుంది. ఒక వీధి. తెల్లటి చర్చి, 1871 నాటిది. చిన్న బడి. పోస్టాఫీసుగా ఉండిన ఇల్లు. ఇంకొన్ని చెక్క ఇళ్ళు. పక్కన ఫ్లాట్ బ్రూక్ అనే వాగు, దాని మీద మంచు. వెనక కిటటిన్నీ కొండ వరస. కొన్ని ఇళ్ళకు రంగు రాలిపోయింది, కొన్నింటి వసారాలు కుంగిపోయాయి. గడ్డి మాత్రం ఎవరో కోసి ఉంచారు. స్థానిక చరిత్ర సంఘంవాళ్ళు ఒక ఇంటిని చిన్న మ్యూజియంగా నడుపుతున్నారు. వేసవిలో కొన్ని వారాంతాల్లో తీస్తారు. ఆ రోజు మూసే ఉంది.

కారు దిగి నాయన కదలకుండా నిలబడ్డాడు. మా అమ్మాయి కెమెరా సర్దుకుంటూ తను రాసుకున్న కాగితాలు తీస్తోంది. మొదటి సీనులో తాత వీధి చివర నుంచి నడిచి రావాలి.

నాయన ఆ కాగితాల కోసం ఆగలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చేతికర్ర కూడా కారులోనే వదిలేసి నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటి ముందూ నిలబడి చూస్తున్నాడు. కిటికీలు కాదు, కప్పులు కాదు, వాకిళ్ళు చూస్తున్నాడు. నాలుగో ఇంటి ముందు ఆగి, వసారా మెట్ల దగ్గరి నుంచే తల సాచి చూసి, "తలుపులు ఈడనే ఇడిసిపెట్టి పోయినారే" అన్నాడు.

నాకు ఎద్దులబండి గుర్తొచ్చింది.

"మేము తలుపులు తెచ్చుకున్నాం కదా నాయనా" అన్నాను.

"తెచ్చుకోక? పోలీసులు వచ్చిండ్రి, బుల్‌డోజర్లు వచ్చిండె. గోడలు పడగొడతారని తెలిసినాంక ఎవురికి ఎంత చేతనైతే అంత ఊడబెరుక్కున్యాం. పాతర తీసి జొన్నలు మూటలు గట్నాం. మీ జేజి మాత్రం రాతి తిరగలి వొదలనని మొండికేసె. దాన్ని బండి కెక్కించేకి నలుగురం పట్నాం."

నాకు ఈ సంగతులేవీ తెలియవు. జేజి తిరగలి మా కర్నూలు ఇంట్లో మూలన ఉండేది. మేం పిల్లలం దాని మీద కూర్చుని చందమామ చదువుకునేవాళ్ళం. అంతకు మించి దాన్ని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి కెమెరా వెలుగుతోంది. కాగితాలు గడ్డిలో పడి ఉన్నాయి.

నాయన మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తరువాత రెండు గంటలు మాట్లాడాడు. మా మిద్దె ఎటు తిరిగి ఉండేదో, వామి ఎక్కడ వేసేవాళ్ళో, రచ్చకట్ట మీద ఎవరెవరు ఏ వైపు కూర్చునేవారో, ఆ వీధి చూపిస్తూ చెప్పాడు. చర్చిని చూపించి ఆంజనేయస్వామి గుడి ఇక్కడుండేదన్నాడు. వాగు వైపు చెయ్యి చాపి కృష్ణ అన్నాడు. కొన్నేళ్ళ కిందటి దాకా ప్రతి వేసవీ నీళ్ళు తగ్గినప్పుడు వెళ్ళి చూసి వచ్చేవాడట. సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడినప్పుడు పూజలకని జనం పోతారు కదా, వాళ్ళతో కలిసి పోయి, అక్కణ్ణుంచి మా ఊరి పునాదులు వెతుక్కునేవాడట. మోకాళ్ళు పట్టేశాక మానేశాడు. ఇవన్నీ అమ్మకు తెలుసు. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆమె తరువాత ఇవి విన్న మొదటి మనుషులం మేమే.

మా అమ్మాయి తన ప్రశ్న అడిగింది. "తాతా, ఇక్కడివాళ్ళు డ్యాం ఆపారు. మీరెందుకు ఆపలేదు?"

నాయన కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన చాలాసేపు వాగు వైపు చూశాడు.

"ఆపల్లనే అనుకుంటిమి తల్లీ. మా మాట ఎవురు ఇంటారు? శానామంది కొట్లాడిరి. అయినా ఒకటి చెప్తా ఇను. ఆ నీళ్ళు లేకుంటే సీమకు గతేముంది? కరెంటు ఏడిదొస్తాది? డ్యాం వొద్దని నేను అనను. మాకు ఇయ్యాల్సింది ఇయ్యలేదు, అదే నా బాధ."

పిల్లలకోసం కొంచెం చెబుతాను. శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో శంకుస్థాపన జరిగింది. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలున్నాయి. ఆ జలాశయం నుంచే రాయలసీమకూ, తెలుగుగంగ ద్వారా చెన్నై నగరానికీ నీళ్ళు వెళతాయి. అదే జలాశయం కింద లక్షమందికి పైగా ఇళ్ళు పోగొట్టుకున్నారు. మునిగిన కుటుంబానికొక ఉద్యోగమని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. దాని కోసం దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. మా చిన్నాయన వాళ్ళలో ఒకరు. అప్లికేషను పెట్టినప్పుడు మీసాలు నల్లగా ఉండేవి, ఆశ వదులుకునేసరికి తెల్లబడ్డాయి.

పోనీ వాల్‌ప్యాక్ వాళ్ళు గెలిచారా అంటే, అదీ కాదు. ఊరు చివర శ్మశానం ఉంది. పాత రాళ్ళ మధ్య ఈమధ్య కాలపు రాళ్ళు కూడా కొన్ని కనిపించాయి. నాయన ఆ రాళ్ళ మధ్య నడుస్తూ, "ఊళ్ళో బతకనీలేదు, సచ్చినాంకన్నా ఈడికి తెచ్చుకుంటాండారు. మనకు ఆ నేల కూడా లేదు" అన్నాడు. అంతకు ముందు ఈ లోయ లెనాపే ఆదివాసులది, వాళ్ళనీ వెళ్ళగొట్టారని మా అమ్మాయి చెప్పింది. నాయన నిలబడి విని, తల ఊపాడు.

మధ్యాహ్నం ఒక పెద్ద ఓక్ చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. నాయన జొన్నరొట్టె విరుచుకుని, మొదటి ముక్క గడ్డిలో పెట్టాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

తెర మీద

ఇంటికొచ్చాక చూసుకుంటే రెండు గంటల పది నిమిషాల చిత్రం ఉంది. అనుకున్న కథ ఒక్క సీనూ లేదు. మా అమ్మాయి రెండు రోజులు దిగులుగా తిరిగి, మూడో రోజు తన స్క్రిప్టు సొరుగులో పెట్టేసింది. తాత మాటలే సినిమా అంది.

ఆపైన నాకు పని పడింది. కింద ఇంగ్లీషు అక్షరాలు వేయాలి కదా. "నాన్నా, వామి అంటే?" "నాన్నా, పాతర అంటే?" "కల్లం అంటే?" రోజూ రాత్రి ఇదే. కొన్నింటికి నాకూ తెలియక నాయననే అడగవలసి వచ్చింది. మా ఇంట్లో మూడు తరాలవాళ్ళం ఒకే బల్ల దగ్గర అన్ని రాత్రులు వరసగా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ రాత్రుల్లోనే ఇంకో సంగతి తెలిసింది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మా ఇల్లూ మునిగింది. అప్పుడు నేను ఇక్కణ్ణుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశాను, అంతే. నీళ్ళు తీశాక నాయన మొదట శుభ్రం చేసింది ఆ వాకిలినేనట. "నీళ్ళని తప్పించి దాన్ని ఇంత దూరం తెస్తే, నీళ్ళే ఎతుక్కుంటా వచ్చె" అన్నాడు నవ్వుతూ. మా అమ్మాయి సినిమాలో ఆఖరి మాట అదే.

ఇక లెక్కలు. పెట్రోలు 42 డాలర్లు. చొక్కాకి తగిలించే మైకు 55. బ్యాటరీలు, మెమరీ కార్డు 48. భోజనం మా ఆవిడ ఖాతా. ఊరి అద్దె సున్నా. మొత్తం 145 డాలర్లు. బ్లాక్ మరియా ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు! మిగిలిన 455 డాలర్లూ దాచిపెట్టింది, ఎందుకో తరువాత చెప్పింది.

మొదటి ఆట మా ఇంట్లోనే, పదిహేనుమంది ముందు వేశాం. అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దావిడ, నాగార్జునసాగర్ వైపువారు, "మాదీ మునిగిన ఊరేనమ్మా" అని మొదలుపెట్టారు. ఇన్నేళ్ళుగా ప్రతి ఉగాదికీ కలుస్తున్నాం, ఆమెకూ ఒక ఊరుందని మాకు తెలియదు.

సెప్టెంబరులో నాయన వెళ్ళిపోయాడు. సినిమా చిన్నాయన ఫోనులోకి పంపాం. కర్నూలులో మా ఊరివాళ్ళు ఎనిమిదిమంది ఒక ఇంట్లో కూర్చుని చూశారట. చిన్నాయన ఫోన్ చేశాడు. "ఆ ఊరు మన ఊరి మాదిరి ఏమీ లేదు గానీ, అన్న రచ్చకట్ట తప్పు చెప్పినాడు. అది గుడికి ఎడంపక్క కాదు, కుడిపక్క. ఇంకోతూరి తీయమని చెప్పు పాపకు" అన్నాడు. వెనక నుంచి ఎడమేనని నాయన అరవడం వినిపిస్తోంది. ఇంకెవరో కుడేనంటున్నారు.

మా అమ్మాయి ఆ 455 డాలర్లు టికెట్టు కోసం దాచింది. చాలదు, తెలుసు. మిగిలింది నేను వేస్తానంటే ఈసారి వద్దనలేదు. వచ్చే వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం పోవాలి. రచ్చకట్ట ఏ పక్కనో చూసి రావాలి.

వెళ్ళాలనుకునేవారికి: వాల్‌ప్యాక్ సెంటర్ న్యూజెర్సీ ససెక్స్ కౌంటీలో ఉంది. ఊరు చూడడానికి టికెట్టు లేదు. దగ్గర్లో దుకాణాలు లేవు, ఫోన్లు సరిగా పనిచేయవు. తిండీ నీళ్ళూ వెంట తీసుకెళ్ళండి, దారి ముందే చూసుకోండి. వేసవిలో గడ్డిలో పేలపురుగులుంటాయి, పిల్లలకు పొడుగు పాంట్లు వేయండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక తిండి బయట వదలవద్దు. పక్కనే బటర్‌మిల్క్ జలపాతం కూడా చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పక తీసుకెళ్ళండి. కెమెరా మాత్రం కారు దిగక ముందే ఆన్ చేసుకోండి.